ఆ చెక్క ఇంట్లో ఏం వినిపించింది?

తమ్ముడూ,

నీ వ్యాసం బస్సులో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి చదివాను. రెండోసారి కోపం వచ్చింది. అమెరికన్ గాయకుడు జస్టిన్ వెర్నన్ బాన్ ఐవర్ పేరుతో చేసిన మొదటి ఆల్బమ్ మీద నాలుగు పేజీలు రాశావు, అందులో మూడు పేజీలు మంచు, ఒంటరితనం, తెగిపోయిన ప్రేమ, విస్కాన్సిన్ రాష్ట్రంలో వాళ్ల నాన్నకున్న వేటగాళ్ల చెక్క ఇల్లు. పాట ఎక్కడా వినపడలేదు. ‘మనసును తాకింది’ అని ఏడుసార్లు రాశావు, లెక్కపెట్టాను. ఏ చప్పుడు తాకిందో ఒక్కసారీ చెప్పలేదు.

ఆ కథ నాకూ తెలుసు. 2006 చలికాలంలో వెర్నన్ అక్కడికెళ్లి రికార్డ్ చేసుకున్నాడు, 2007లో సొంతంగా కొన్ని కాపీలు వేసుకున్నాడు, 2008లో కంపెనీ వాళ్లు విడుదల చేశారు. పత్రికలన్నీ ఆ ఇంటినే అమ్ముకున్నాయి, పదిహేనేళ్లు దాటాక నువ్వూ అదే అమ్ముతున్నావు. ఒంటరివాడి పాటలంటున్నావే, వాటిలో ఒంటరి గొంతు ఎక్కడుందసలు? దొంగ గొంతుతో, అంటే గొంతు సన్నం చేసి పాడి, దాని మీద మళ్లీ తన గొంతే, దాని మీద ఇంకోసారి తన గొంతే పేర్చుకుంటూ పోయాడు. ఊరు ఊరంతా కూర్చుని భజన చేస్తున్నట్టుంటుంది, తీరా చూస్తే ఊరంతా వాడొక్కడే. దిగులంతా అక్కడుంది. మంచు గురించి రాసిన మూడు పేజీలూ చించెయ్.

అమెరికన్ గాయని అడ్రియన్ లెంకర్ 2020లో మసాచుసెట్స్‌లో ఒంటిగది చెక్క ఇంట్లో చేసిన ఆల్బమ్‌నీ అదే గాటన కట్టేశావు. ఆవిడ దగ్గర ఒక రికార్డింగ్ ఇంజనీరు ఉన్నాడు, ఎనిమిది ట్రాకుల టేపు మిషన్ ఉంది. అక్కడ గొంతుల గుట్టలేం ఉండవు. తీగ మీద వేలు జారితే కిర్రుమంటుంది, బయట పిట్టలు అరుస్తాయి, వాటినెవరూ తుడిచెయ్యలేదు. చూడ్డానికి రెండూ చెక్క ఇళ్లే, చెవికి మాత్రం ఒకదానికొకటి పొంతనే లేదు.

నాకీ చప్పుళ్ల పిచ్చి బుర్రకథ దగ్గర పట్టుకుంది. చిన్నప్పుడు జనం వెనకెక్కడో మా తాత భుజం మీద కూర్చునేవాణ్ని. మాటలు సరిగ్గా అందేవి కావు, కథకుడి చేతి అందె చప్పుడు మాత్రం గలగలమని వచ్చేది. కథ ఏమిటో గుర్తులేదు, ఆ అందె ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఆదివారం అనుబంధానికి పాటల క్యాసెట్ల మీద సమీక్షలు రాసేవాణ్ని. ఒకసారి బాంజో గురించి, ఆ తీగ మోగీ మోగగానే ఎలా ఆరిపోతుందో కష్టపడి ఒక పేరా రాస్తే, ఎడిటర్ గారు దాన్ని కొట్టేసి ‘శ్రావ్యమైన సంగీతం’ అని రెండు మాటలు పెట్టారు, పైన మూడున్నర నక్షత్రాలు. ఆ అర నక్షత్రం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకిప్పటికీ తెలీదు. డబ్బులు మూడు నెలలకు వచ్చాయి. ఇప్పుడు నక్షత్రాలు పోయి ‘వాన పడే సాయంత్రానికి పది పాటలు’ వచ్చాయి. వానకైతే మిర్చి బజ్జీ చాలదూ?

ఈ పాటలు ఫోకా (అంటే జానపదమా), రాకా అని అడిగావు. 1965లో న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవంలో, ఫోక్ గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుంటే జనం గోల చేశారు. గిటారు నచ్చకా, మైకుల్లో మాట వినపడకా, దానితో మూడే పాటలు వాయించాడనా అని ఇంకా కొట్టుకుంటున్నారు. ఆ తగాదా వాళ్లకొదిలెయ్.

లెంకర్ పాడే బ్యాండ్ బిగ్ థీఫ్ 2022 ఆల్బమ్ గురించి రాస్తూ ‘డ్రమ్స్ నిద్రమత్తులో ఒక అడుగు వెనక నడుస్తున్నట్టున్నాయి’ అన్నావు చూడు, అది నువ్వు విని రాసిన వాక్యం. ఆ డ్రమ్మరే దానికి ప్రొడ్యూసర్ కూడా. ఆ ఇరవై పాటలూ నాలుగు చోట్ల, నలుగురు ఇంజనీర్లతో రికార్డ్ చేశారు: న్యూయార్క్ రాష్ట్రం, కాలిఫోర్నియాలో టొపాంగా, కొలరాడో కొండలు, అరిజోనా ఎడారి. ఎక్కడా చూడకుండా, ఏ పాట ఏ గదిలోదో చెవితో విడదీసి, ఎందుకలా అనుకున్నావో పాటకో వాక్యం చొప్పున రాసి పంపు. తప్పైనా ఫర్వాలేదు. నేను పదకొండు దాకా విడదీశాను. మిగతావి నావల్ల కావట్లేదు, రెండేళ్లుగా ఎడమ చెవికి సన్నటి చప్పుళ్లు అందడం లేదు. పిట్టలు కూడా కుడివైపే అరుస్తున్నాయి.