టెక్ సందేహాలు: టెస్టులు పాసయ్యాయా, అసలు నడిచాయా?

ప్రశ్న: మా ప్రాజెక్టు పైథాన్‌లో ఉంది. రోజూ రాత్రి పైటెస్ట్‌తో టెస్టులన్నీ ఆటోమేటిక్‌గా నడుస్తాయి. ఆ ఔట్‌పుట్‌ను ఒక ఫైల్లోకి పంపి, అందులో ‘ఫెయిల్డ్’ అనే మాట ఉందేమో వెతికే చిన్న స్క్రిప్టు రాశాను. మాట దొరక్కపోతే ‘అంతా ఓకే’ అని టీమ్‌కి మెయిల్ వెళ్తుంది. మొన్న అలాగే ఓకే మెయిల్ వచ్చింది. తీరా చూస్తే ఒక ఇంపోర్ట్ ఎర్రర్ వల్ల ఒక్క టెస్టు కూడా నడవలేదు. ఫలితాలను కోడ్‌తో సరిగ్గా చదవడం ఎలా?

జవాబు: ‘ఫెయిల్డ్’ అనే మాట కనిపించకపోవడం వేరు, టెస్టులు పాసవడం వేరు. మీ స్క్రిప్టు ఈ రెండింటినీ ఒకటిగా తీసుకుంది. టెస్టు ఫైలును లోడ్ చేసేటప్పుడే తప్పు వస్తే పైటెస్ట్ దాన్ని ‘ఎర్రర్’ అని చూపిస్తుంది. ‘ఫెయిల్డ్’ అని రాయదు. అందుకే మీ వెతుకులాటలో ఏమీ దొరకలేదు. దీనికి రివర్స్‌లో కూడా జరుగుతుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేకుండా వెతికే స్క్రిప్టయితే, తప్పు పాస్‌వర్డ్‌ను పరీక్షించే టెస్టు ఫైలు పేరులో ‘ఫెయిల్డ్ లాగిన్’ అని ఉంటే చాలు, అది పాసైనా మెయిల్ కంగారు పెడుతుంది. తెరమీద కనిపించే ఔట్‌పుట్ మనుషుల కోసం. వెర్షన్ మారితే దాని రూపం మారొచ్చు, రంగుల కోసం మధ్యలో కనిపించని అక్షరాలు చేరొచ్చు. కోడ్ దాన్ని నమ్ముకోకూడదు.

ముందు చూడాల్సింది ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు తిరిగిచ్చే అంకె. పైటెస్ట్‌లో 0 అంటే అన్నీ పాస్. 1 అంటే టెస్టులు నడిచాయి, కొన్ని ఫెయిలయ్యాయి. 2 అంటే మధ్యలో ఆగిపోయింది. మీ ఇంపోర్ట్ ఎర్రర్‌కు వచ్చేది ఇదే. 3 పైటెస్ట్ లోపలి సమస్య, 4 కమాండ్ తప్పుగా ఇచ్చినప్పుడు వచ్చేది. 5 అంటే ఒక్క టెస్టు కూడా దొరకలేదు. ఎంపిక చేసిన టెస్టులే నడపాలని -k ఆప్షన్‌తో పేరు ఇచ్చి, అందులో స్పెల్లింగ్ తప్పితే వచ్చేది ఈ 5. కాబట్టి మెయిల్లో ‘ఓకే’ అని రాయడానికి 0 తప్ప ఇంకే అంకే పనికిరాదు.

మీరు ఔట్‌పుట్‌ను పైప్ ద్వారా టీ కమాండ్‌కు ఇచ్చి ఫైల్లో దాస్తుంటే ఇంకో చిక్కుంది. షెల్ మామూలుగా పైప్‌లో చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌నే తిరిగిస్తుంది. అంటే పైటెస్ట్ 1 ఇచ్చినా, టీ తన పని బాగానే చేసింది కాబట్టి మీకు అందేది 0. బాష్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఆన్ చేస్తే ఇది తీరిపోతుంది.

ఏ టెస్టు ఎందుకు ఫెయిలైందో తెలియాలంటే పైటెస్ట్‌కు జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ ఆప్షన్ ఇవ్వండి, కోడ్ తేలిగ్గా చదవగలిగే రూపంలో రిపోర్టు ఫైలు వస్తుంది. అందులో ఒక్కో టెస్టుకు ఒక ‘టెస్ట్‌కేస్’ ఎలిమెంట్ ఉంటుంది. ఫెయిలైతే దాని లోపల ‘ఫెయిల్యూర్’ ఎలిమెంట్, అందులో కారణం. పాసైతే లోపల అలాంటిదేమీ ఉండదు.

ఇక్కడే పైథాన్‌లో చాలామంది పడే గుంట ఒకటుంది. ఎక్స్‌ఎంఎల్ చదివే ఎలిమెంట్‌ట్రీ లైబ్రరీలో ఫైండ్‌తో ‘ఫెయిల్యూర్’ను వెతికి, వచ్చినదాన్ని నేరుగా ఇఫ్‌లో పెడతారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ లైబ్రరీలో లోపల ఇంకో ఎలిమెంట్ లేని ఎలిమెంట్ ఇఫ్‌లో ఫాల్స్‌గా లెక్కకొస్తుంది, టెక్స్ట్ ఎంత ఉన్నా సరే. ‘ఫెయిల్యూర్’లో సాధారణంగా ఉండేది టెక్స్ట్ మాత్రమే. ఫలితంగా ఫెయిలైన ప్రతి టెస్టూ మీ లెక్కలో పాసవుతుంది! ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు కాబట్టి నెలలపాటు ఎవరికీ తెలియకపోవచ్చు. ‘ఈజ్ నాట్ నన్’ అని స్పష్టంగా రాయడమే మార్గం. పైథాన్ 3.12 నుంచి ఎలిమెంట్‌ను నేరుగా ఇఫ్‌లో పెడితే వార్నింగ్ వస్తోంది, దాన్ని దయచేసి పట్టించుకోండి. అలాగే అన్నిటికీ పైనుండే రూట్ ఎలిమెంట్ ఒక్కో సాధనంలో ఒక్కోలా ఉంటుంది, కొన్నిట్లో ‘టెస్ట్‌సూట్’, కొన్నిట్లో ‘టెస్ట్‌సూట్స్’. అందుకని రూట్ పేరు మీద ఆధారపడకుండా, ఎంత లోతులో ఉన్నా ‘టెస్ట్‌కేస్’లన్నిటినీ ఇటర్‌తో తీసుకోండి.

పాత రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ పైటెస్ట్‌ను మధ్యలోనే చంపేస్తే కొత్త ఎక్స్‌ఎంఎల్ తయారవ్వదు. నిన్నటి ఫైలు అక్కడే ఉంటే మీ స్క్రిప్టు దాన్నే చదివి నిన్నటి శుభవార్తే మళ్లీ పంపుతుంది. రన్ మొదలుపెట్టే ముందే పాత ఫైలును తీసేయండి. రన్ అయ్యాక ఫైలు లేకపోతే అది ఫెయిలైన రన్ కిందే లెక్క. ఇలా చంపబడిన ప్రాసెస్‌కు షెల్‌లో 137 అని, పైథాన్ సబ్‌ప్రాసెస్ నుంచి నడిపితే మైనస్ 9 అని కోడ్ కనిపిస్తుంది.

చివరిగా, ఎన్ని టెస్టులు నడిచాయో కూడా రాసిపెట్టుకోండి. ఒకే ఫైల్లో రెండు టెస్టు ఫంక్షన్లకు పొరపాటున ఒకే పేరు పెడితే పైథాన్‌లో రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది. ఫైలు పేరు ‘టెస్ట్’ పద్ధతిలో లేకపోతే పైటెస్ట్ దాన్ని అసలు చూడదు. రెండు సందర్భాల్లోనూ మిగిలిన టెస్టులు పాసైతే ఎగ్జిట్ కోడ్ 0 వస్తుంది. నిన్నటికంటే సంఖ్య తగ్గితే మెయిల్లో మొదటి లైన్‌లోనే రాయించండి.

ప్రశ్న: రిపోర్టులో ఫెయిల్యూర్లు, ఎర్రర్లు, స్కిప్‌లు వేర్వేరుగా వస్తున్నాయి. మా మేనేజర్‌కు ఒకే అంకె చాలు. అన్నీ కలిపేయొచ్చా?

జవాబు: పైకి పంపే అంకె ఒక్కటే అయినా లోపల విడిగానే ఉంచండి. ఫెయిల్యూర్ అంటే టెస్టు నడిచి, ఆశించిన జవాబు రాలేదని. ఎర్రర్ అంటే టెస్టు ఆ పోలిక దాకా సాఫీగా వెళ్లలేదని. డేటాబేస్ కనెక్షన్ దొరక్కపోవడం లాంటివి. ఒక్కసారిగా ఎర్రర్లు వందల్లో వస్తే ముందు చూడాల్సింది సర్వర్లను, కోడ్ సంగతి తర్వాత. ఈ గీత అన్ని సాధనాల్లో ఒకేచోట ఉండదు. పైటెస్ట్‌లో టెస్టు లోపల ఎలాంటి ఎక్సెప్షన్ వచ్చినా ఫెయిల్యూరే, టెస్టుకు ముందు నడిచే సెటప్‌లో, తర్వాత నడిచే టియర్‌డౌన్‌లో, లేదా ఫైలు లోడ్ చేసేటప్పుడు వస్తే ఎర్రర్. స్కిప్‌లను, అంటే నడపకుండా వదిలేసిన టెస్టులను మాత్రం పాస్‌లతో ఎప్పుడూ కలపకండి. ‘ఫెయిలవుతుందని ముందే తెలుసు’ అని గుర్తుపెట్టిన టెస్టులను కూడా పైటెస్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో స్కిప్ కిందే రాస్తుంది, టైప్ చూస్తే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర గో, పెర్ల్ కోడ్ కూడా ఉంది. అన్నిటికీ ఫలితాలను చదివే ఒకే కోడ్ (పార్సర్) సరిపోతుందా?

జవాబు: జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే సాధనాలు చాలా భాషలకు ఉన్నాయి కానీ, నేరుగా చదవడమూ కష్టం కాదు. గో టెస్టుకు జేసాన్ ఆప్షన్ ఇస్తే లైనుకో ఈవెంట్ వస్తుంది. ‘రన్’ వచ్చి, ఆ తర్వాత పాస్, ఫెయిల్, స్కిప్‌లలో ఏదీ రాని టెస్టు ఉంటే అది పూర్తికాలేదని అర్థం. పెర్ల్‌లో టెస్టు ఫలితాలకు వాడే ట్యాప్ (టెస్ట్ ఎనీథింగ్ ప్రోటోకాల్) ఫార్మాట్ 1987లో ఆ భాషతోపాటే పుట్టింది. ఎన్ని టెస్టులు రావాలో అందులో ‘ప్లాన్’ అనే లైన్ చెబుతుంది. ప్లాన్‌లో 20 ఉండి 14 దగ్గర ఆగిపోతే, వచ్చిన 14 పాసైనా ఆ రన్ ఫెయిలే. ఈ ప్లాన్ లైన్ అన్ని ఫార్మాట్లలోనూ ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: కొన్ని టెస్టులు మొదటిసారి ఫెయిలై, మళ్లీ నడిపితే పాసవుతున్నాయి. వీటిని ఏ ఖాతాలో వేయాలి?

జవాబు: వీటికి వేరే ఖాతా తెరవాలి. జావా ప్రాజెక్టుల్లో టెస్టులు నడిపే మేవెన్ ష్యూర్‌ఫైర్‌లో ఫెయిలైన టెస్టులను మళ్లీ నడిపే సెట్టింగ్ ఉంది. రెండోసారి పాసైతే బిల్డ్ ఆగదు కానీ ఎక్స్‌ఎంఎల్‌లో ‘ఫ్లేకీ ఫెయిల్యూర్’ అని రాస్తుంది. మీ కోడ్ ‘ఫెయిల్యూర్’ ఒక్కదాన్నే వెతికితే ఇది కంటపడదు. క్లాస్ పేరు, టెస్టు పేరు కలిపి గుర్తుగా పెట్టుకుని, ఒక్కో టెస్టు ఎన్నిసార్లు ఇలా ఊగిసలాడిందో భద్రపరచండి. టెస్టు పేరులో తేదీలూ ర్యాండమ్ సంఖ్యలూ చేరనివ్వకండి, చేరితే రోజూ కొత్త టెస్టులాగే కనిపించి చరిత్ర నిలవదు. ఆ జాబితాలో పైనున్నవాటిని ముందు విడిగా, తర్వాత మిగతావాటి వరుస మార్చి నడిపి చూడండి. విడిగా పాసై గుంపులో ఫెయిలైతే, ఇంకో టెస్టు వదిలేసిన డేటా దీనికి తగులుతోందని అనుమానించాలి. విడిగా నడిపినా ఊగుతుంటే టైమర్లు, నెట్‌వర్క్ కోసం ఎదురుచూసే లైన్ల దగ్గర వెతకండి.