అమ్మ గురించి పుస్తకం వేస్తానన్నావు కదా

తల్లీ,

అమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయాలనుందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. బడిలో తెలుగు చెప్పిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా ఇలాంటి పుస్తకాలు చాలానే దిద్దిపెట్టాను, పైగా ఇంట్లో పిల్లలకి సంగీతం నేర్పిన మీ అమ్మ నా స్నేహితురాలు, కాబట్టి చనువుగానే చెప్తాను.

‘ఆదర్శ మాతృమూర్తి’, ‘సంగీత సరస్వతి’, ‘త్యాగమయి’ లాంటివి రాయకు. అబద్ధాలని కాదు, ఎవరి అమ్మ ఫొటో కింద పెట్టినా సరిపోతాయి అవి. మీ అమ్మ ఒక్కర్తికే సరిపోయేది కావాలి మనకి. వంటింట్లో చారుకి పోపు పెడుతూ, ముందుగదిలో పిల్ల పాడుతుంటే తల తిప్పకుండానే "నిషాదం దిగింది, మళ్ళీ పట్టు" అనేది చూడు (‘ని’ స్వరం శ్రుతి తగ్గిందని), ఆ పిల్ల సరిగ్గా పట్టేదాకా పోపు మాడిపోతున్నా కదిలేది కాదు చూడు, అది రాయి. ‘తల్లిగా’, ‘గురువుగా’ అని రెండు భాగాలు కూడా చెయ్యకు. మీ ఇంట్లో ఆ రెండూ ఎప్పుడు విడివిడిగా ఉన్నాయి? నీకు జడ వేస్తూ సంగీతంలో మొదటి పాఠాలు, సరళీ వరసలు, అప్పజెప్పించుకునేది. నువ్వు తాళం తప్పితే జడ వదిలేసి, దువ్వెనతో నీ భుజం మీద ఆదితాళం ఎనిమిది అక్షరాలూ వేసి, నువ్వు దారిలో పడ్డాకే రిబ్బను కట్టేది. గుమ్మంలో కూర్చుని కళ్ళారా చూసినదాన్ని.

శిష్యులందరి దగ్గరికీ వెళ్ళు, కానీ "అమ్మ ఎలాంటివారు?" అని మాత్రం అడక్కు. "దేవత" అంటారు, కళ్ళు తుడుచుకుంటారు, ఇంక నీకు రాసుకోడానికేం మిగలదు. మొదటిరోజు ఏం పాడించారు, ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడే జంట వరసల్లో రెండో స్వరం మీద నొక్కు పడకపోతే ఏం చేసేవారు, మొదటి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో ఎన్నాళ్ళు కూర్చోబెట్టారు అని అడుగు. ఆ చివరిదాని గురించి పుస్తకంలో ఒక పేజీ ఉండాలి. పిల్ల స్టేజీ ఎక్కాలని తల్లిదండ్రులు తొందరపెడితే చాలామంది గబగబా గీతాలనే చిన్న పాటలు దాటించి, కచేరీలో పాడే వర్ణానికి తీసుకెళ్ళిపోతారు. మీ అమ్మ ఒప్పుకునేది కాదు. ఆ రాగంలో స-రి, గ-మ, ప-ధ, ని-స దగ్గర దగ్గరగా ఉంటాయి, రి-గ, ధ-ని మధ్య ఎడం ఎక్కువ, కింద సగం ఏ కొలతో పై సగం అదే కొలత. ఈ దగ్గరా దూరం గొంతుకి ఒంటబడితే తర్వాత ఏ రాగమైనా నిలబడుతుందని ఆవిడ నమ్మకం. సంగీతం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయి, అప్పుడే ఆవిడ పట్టుదల మొండితనంలా కనిపించదు.

కచేరీలు చేసేవాళ్ళే కాదు, పెళ్ళయ్యాక పాట మానేసిన అమ్మాయిల దగ్గరికి కూడా వెళ్ళు. సాలూరులో ఒకావిడ ఉంది, ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు మీ అమ్మ నేర్పిన కీర్తన పాడుకుంటుంది, అంతే. నా దృష్టిలో ఆవిడ మాటలే ముందు వేయాలి.

మన విజయనగరం గొప్పతనం రాయాలని నీకు అనిపిస్తుంది. సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఘంటసాల, సుశీల అక్కడే చదువుకున్నారు. ఇదంతా నిజమే, మనకి గర్వమే, కానీ నాలుగు వాక్యాలు దాటనివ్వకు. లేకపోతే చదివేవాళ్ళు ఆ పెద్దల దగ్గరే ఆగిపోతారు, మీ అమ్మ దాకా రారు.

తేదీల దగ్గర పట్టుగా ఉండు. పెద్దవాళ్ళకి సంవత్సరం గుర్తుండదు, సంఘటన గుర్తుంటుంది. "మన జిల్లా ఏర్పడకముందా, తర్వాతా?" అని అడిగితే 1979 జూన్‌కి అటో ఇటో తేలిపోతుంది. ఈమధ్యవి అయితే హుద్‌హుద్ తుఫాను పెట్టి అడుగు, 2014 అక్టోబరు. పాత సర్టిఫికెట్ మీద విజయనగరం పక్కన విశాఖపట్నం జిల్లా అని ఉంటే కంగారుపడకు, అప్పుడు అంతే. సాలూరు, బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి.

అన్నిటికన్నా ముందు కేసెట్లు. బీరువాలో అడుగు అరలో ఉంటాయి. తెల్లగా బూజు కనబడ్డవాటిని టేప్‌రికార్డర్‌లో అస్సలు పెట్టకు, ఆ బూజు హెడ్‌కి అంటుకుని మిగతావాటిని కూడా చెడగొడుతుంది, వాటిని తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. బాగున్నవాటికి పై అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు రెండూ విరిచెయ్యి, పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోవు. చివరిదాకా ఒకసారి తిప్పి, వెనక్కి తెచ్చి, అప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించు. ఆవిడ పాడినవాటికన్నా పాఠం చెప్తుండగా రికార్డయినవి మరీ జాగ్రత్త. మధ్యలో ప్రెషర్ కుక్కర్ విజిల్ వినబడినా, నువ్వు చిన్నప్పుడు ఏడ్చింది వినబడినా కోసెయ్యకు.

కష్టమైనవి కూడా రాయి. ఫీజు ఇవ్వలేని పిల్లల్ని ఆవిడ ఎప్పుడూ అడగలేదు, దానివల్ల ఇంట్లో ఇబ్బంది పడిన నెలలూ ఉన్నాయి, మీ నాన్నగారితో మాటలు వచ్చిన రోజులూ ఉన్నాయి. ఆవిడకి కోపం ఎక్కువ. సాధన చెయ్యకుండా వచ్చిన పిల్లని తిప్పి పంపేసేది, సాయంత్రం ఆ ఇంటికి తనే వెళ్ళి కూర్చునేది. నీమీద మరీ కోప్పడేది, నీకు అది ఇంకా నొప్పిగా ఉందని నాకు తెలుసు. ఏడుపొస్తే ఏడుస్తూనే రాయి, కానీ తీపిగా మార్చకు. మీ నాన్నగారికి ముందే చదివి వినిపించు, ఆయన వద్దన్నది తీసెయ్యి.

ఆ రోజు మైకు పెట్టి ఉపన్యాసాలు వద్దు. పుస్తకం పంచి, శిష్యులంతా కింద కూర్చుని మొదట్లో నేర్చుకునే మలహరి రాగం గీతం ఒకటి పాడితే చాలు, పాట మానేసినవాళ్ళకి కూడా అది నోటికొస్తుంది.

పేజీలు వంద దాటనివ్వకు. రాసింది రాసినట్టు నాకు పంపు, అచ్చుతప్పులు నేను చూస్తా. ఈ ఆదివారం ఆ కేసెట్లు సంచీలో వేసుకుని మా ఇంటికి రా. వాటి మీద పేర్లు మీ అమ్మ పెన్సిల్‌తో రాసింది, సగం చెరిగిపోయి ఉంటాయి, గొంతు వింటే ఎవరు పాడుతున్నారో నేను చెప్పగలను.

నీ పిన్ని