గన్ నోట్లో వేలు పెట్టే ముందు

అల్లుడూ,

మొన్న ఫోన్‌లో చెప్పావు కదా, సీలింగ్ పనిలో స్లాబుకి మేకులు కొట్టే నీ గ్యాస్ గన్ ఒక్కోసారి పేలడం లేదని, అరచేత్తో రెండు తడితే మళ్లీ పనిచేస్తోందని. ముందు ఆ తట్టడం ఆపు. ఫోన్‌లో చెబితే సగం విని సగం ఊఁ కొడతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ గన్ లోపల ఉన్నది ఒక చిన్న ఇంజను. ముక్కును స్లాబుకి ఆనించి నొక్కితే లోపలి గది మూసుకుంటుంది. కొలత ప్రకారం గ్యాస్ వస్తుంది, ఫ్యాన్ తిరిగి దాన్ని గాలిలో కలుపుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్పార్క్ పడి మంట పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ కొసన ఉన్న కడ్డీ మేకును కొడుతుంది. అంతే. నీ బైక్‌కి ఎయిర్ ఫిల్టరూ ప్లగ్గూ ఎలాగో దీనికీ అలాగే. సీలింగ్ పనిలో దీనికి పెద్ద శత్రువు జిప్సం పొడి, ఆ తర్వాత స్లాబు దుమ్ము. ఫిల్టర్ మూసుకుపోతే గాలి చాలదు. గాలి చాలకపోతే మంట సరిగా మండదు, మసి కడుతుంది. ఆ మసి ప్లగ్గు మీద చేరితే స్పార్క్ సరిగా పడదు, పిస్టన్ రింగుల మీద చేరితే పిస్టన్ సగంలో ఆగిపోతుంది. నువ్వు తట్టినప్పుడు ఆ ఇరుక్కున్నదే కాస్త కదులుతోంది.

ఏం పాడైందో విప్పకముందే కొంత తెలుస్తుంది. ముక్కు నొక్కినా ఫ్యాన్ చప్పుడు రాకపోతే ముందు బ్యాటరీ చూడు. ఫ్యాన్ తిరిగి, గ్యాస్ వాసన వచ్చి, పేలకపోతే ప్లగ్గు గానీ దాని వైరు గానీ. పేలినా మేకు పూర్తిగా దిగకపోతే ఫిల్టరూ రింగులూ. డబ్బా కూడా చూడు, గ్యాస్ డబ్బాలకు గడువు తేదీ ఉంటుంది. షాపువాడు పాతవి అంటగడతాడు.

ఇక కడగడం. ముందు గ్యాస్ డబ్బా తీసెయ్, బ్యాటరీ తీసెయ్, మేకుల పట్టీ తీసెయ్. మూడూ తీసి, గన్‌కి దూరంగా, నీ కళ్లకు కనబడేలా పెట్టు. రెండు తీసి ఒకటి మరిచేవాళ్లే ఎక్కువ. డబ్బా తీసినా గదిలో ఒక దెబ్బకు సరిపడా గ్యాస్ మిగిలి ఉండొచ్చు, బ్యాటరీ ఉంటే స్పార్క్ కూడా ఉన్నట్టే. ముక్కులో మేకు ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో తీసేటప్పుడూ ఇదే పద్ధతి. మేస్త్రీ పైనుంచి ఎంత అరిచినా సరే.

ఫిల్టర్‌ని దులిపితే చాలదు. సబ్బు నీళ్లలో పిండి, నీడలో ఆరబెట్టు. తడి ఫిల్టర్ పెట్టొద్దు. ఈ ఒక్క పని వారానికోసారి చేస్తే నీ కష్టాలు సగం పోతాయి.

ఫ్యానూ ప్లగ్గూ ఉండే లోపలి హెడ్ విప్పొచ్చా లేదా అన్నది గన్‌ని బట్టి ఉంటుంది. గన్‌తో వచ్చిన పుస్తకంలో విప్పమని ఉంటేనే విప్పు, లేకపోతే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి పుస్తకం ఉండదు. మోడల్ నంబర్ కొట్టి ఫోన్‌లో వెతుక్కో. విప్పేముందు వైర్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో ఒక ఫొటో తీసుకో. బిగించేటప్పుడు వైరు అంచు కింద నలిగితే మళ్లీ మొదటికొస్తావు. హెడ్ మీద క్లీనర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు కిందికి ఉండేలా పట్టుకో, మురికి నీరు మోటార్‌లోకి దిగకుండా. మెత్తని గుడ్డతో మసి తుడువు. ప్లగ్గు కొసని గీకొద్దు.

క్లీనర్ అంటే ఆ గన్‌లకని అమ్మేదే. పెట్రోలు కాదు, కిరోసిన్ కాదు, థిన్నర్ అసలే కాదు. ఇది నేను ఒంటితో నేర్చుకున్న పాఠం. దుబాయ్‌లో కొత్తలో క్లీనర్ అయిపోతే పెట్రోలుతో కడిగాను. పని తొందరలో సరిగా ఆరకుండానే బిగించాను. మొదటి దెబ్బకే ఫిల్టర్ సందులోంచి మంట బయటికి వచ్చి కనుబొమ్మలు కాలాయి. అద్దాలు పెట్టుకున్నాను కాబట్టి కళ్లు దక్కాయి. ఆ నెలలో ఇంటికి పంపిన ఫొటోలో టోపీ కిందికి లాగి ఉంటుంది చూడు, మీ అమ్మ ఇప్పటికీ అది స్టైలనుకుంటోంది. అసలు క్లీనర్ కూడా కొన్ని మండేవే, వాసన పూర్తిగా పోయేదాకా ఆగి బిగించు. కిటికీ తెరిచి పెట్టుకో, పక్కన బీడీ కాల్చేవాణ్ని ఉండనివ్వకు.

ఆరాక రింగులకు ఆ గన్‌కి చెప్పిన నూనె రెండు మూడు చుక్కలు, అంతే. గ్రీజు పూస్తే దుమ్ము పట్టి బంక అవుతుంది. బిగించాక మొదటి దెబ్బలు పక్కన ఎవరూ లేని చోట కొట్టు.

ముక్కు ఆనించి నొక్కితేనే గన్ పేలేలా చూసే సేఫ్టీని వైరుతో కట్టేసేవాళ్లు నీ సైట్‌లో ఉంటే వాళ్ల పక్కన నిచ్చెన ఎక్కకు.

డబ్బాల సంగతి ఒకటి మిగిలింది. 50 డిగ్రీలు దాటిన వేడి వాటికి పనికిరాదు. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల, బండి డిక్కీలో అంతకన్నా ఎక్కువే వేడెక్కుతుంది. ఖాళీ అయిందనుకున్న డబ్బాలో కూడా ఒత్తిడి మిగిలే ఉంటుంది. చలికాలం పొద్దున సైట్‌లో చెక్క ముక్కలతో మంట వేస్తారు కదా, అందులో పడేస్తే బాంబే. దాన్ని పొడవొద్దు, నలగ్గొట్టొద్దు. దసరాకు వచ్చేటప్పుడు గన్ తెచ్చుకో, నేను చూస్తాను. డబ్బా మాత్రం రూములోనే వదిలెయ్, రైల్లో మండే వస్తువులు తేవడం నేరం.

నా దగ్గర కళ్లద్దాలు రెండు జతలు, చెవుల మఫ్ ఒకటి వాడకుండా ఉన్నాయి. సోమవారం ఆర్టీసీ పార్సిల్‌లో వేస్తాను, ఫోన్ వస్తే వెళ్లి తీసుకో.

మీ మామ