టెక్ సందేహాలు: వర్టికల్ మౌస్ కొనేముందు అరచెయ్యి కొలుచుకోండి

ప్రశ్న: గాజువాకలో ఒక క్లియరింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా టాలీ, ఎక్సెల్‌తోనే పని. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి కుడి మణికట్టు లాగేస్తోంది. వర్టికల్ మౌస్ కొనుక్కోమని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. నిజంగా పనిచేస్తుందా? ఏ కంపెనీది తీసుకోవాలి?

కంపెనీ సంగతి తర్వాత. ముందు మీ కుడిచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టండి. మామూలు మౌస్ పట్టుకునే తీరు అదే. ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలుంటాయి. అరచెయ్యి బోర్లా పడాలంటే ఒకటి రెండోదాని మీదుగా మెలి తిరగాలి. ఇప్పుడు చిటికెనవేలి అంచు బల్లకు ఆనేలా చెయ్యి నిలబెట్టండి. సగం నమస్కారం అన్నమాట. మంచినీళ్ల గ్లాసు పట్టుకునేదీ ఇలాగే. మెలిక విడిపోయినట్టు మీకే తెలుస్తుంది. చెయ్యి ఇలా నిలబెట్టి పట్టుకునేదే వర్టికల్ మౌస్. రోజుకు తొమ్మిది గంటలు చెయ్యి మెలిపడి ఉండటానికీ, ఇలా ఉండటానికీ తేడా ఉంటుంది కాబట్టే ఈ మౌస్‌లు వచ్చాయి.

అలాగని ఇది మందు కాదు. కార్పల్ టన్నెల్ సమస్య, అంటే మణికట్టులోని ఇరుకు దారిలో నరం నలగడం, ఉన్నవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 2015లో అచ్చయింది. వర్టికల్ మౌస్‌తో మణికట్టు ఉండే తీరు మారింది కానీ, నరం వెళ్లే ఆ దారిలో ఒత్తిడి మాత్రం తగ్గలేదని అందులో తేలింది. కాబట్టి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తున్నా ఆ డబ్బు పట్టుకుని ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీరు చెప్పినట్టు సాయంత్రానికి లాగడం మాత్రమే అయి, ఆదివారం తగ్గిపోతుంటే మౌస్ మార్చి చూడొచ్చు.

ఇక కొలత. ఈ మౌస్‌లతో వచ్చే గొడవల్లో సగం సైజువే. మణికట్టు గీత నుంచి నడిమివేలి కొస దాకా స్కేలు పెట్టి కొలవండి. 19 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ అయితే చిన్న సైజు కావాలి. లాజిటెక్ తన లిఫ్ట్ మోడల్‌ను ఈ కొలతకే చేసింది. అంతకన్నా పెద్ద చేతులకు ఎంఎక్స్ వర్టికల్. రెండింటి వాలూ 57 డిగ్రీలే. లిఫ్ట్ ఒక పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది, ఎంఎక్స్ వర్టికల్‌ను టైప్-సి కేబుల్‌తో చార్జింగ్ పెట్టుకోవాలి. చిన్న చేతికి పెద్ద మౌస్ తెచ్చుకుంటే వేళ్లు బటన్ చివరిదాకా అందవు, చెయ్యి చాపి నొక్కుతూ ఉంటారు. అప్పుడు నొప్పి మణికట్టు వదిలి బొటనవేలి మొదట్లో తేలుతుంది.

లిఫ్ట్ వేలల్లో ఉంటుంది. అంత వద్దనుకుంటే పోర్ట్రానిక్స్ లాంటి మనదేశపు బ్రాండ్లు చాలా తక్కువలో ఇస్తున్నాయి. మొదటిసారి వాడేవాళ్లకు నా సలహా చవకదే. నెల్లాళ్లకు అది అలవాటైందో, డ్రాయర్‌లోకి వెళ్లిపోయిందో తేలుతుంది. ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో కంప్యూటర్ షాపుకు వెళ్తే పెట్టె తెరిపించి ఒక పరీక్ష చేయండి. డెస్క్‌టాప్ మీద ఏదైనా చిన్న ఐకాన్‌ను డబుల్ క్లిక్ చేయండి. మామూలు మౌస్ బటన్‌ను కిందికి నొక్కుతాం కాబట్టి మౌస్ కదలదు. ఇక్కడ నొక్కేది పక్కకు. బటన్ గట్టిగా ఉండి మౌస్ తేలికదైతే రెండో క్లిక్‌కు మౌస్ అంగుళంలో పావు వంతు జరుగుతుంది, ఐకాన్ తప్పిపోతుంది. చిన్న చిన్న గడుల్లో పనిచేసే మీకు అది నరకం. అలాగే చిటికెనవేలు ఆన్చుకోవడానికి కింద చిన్న అంచు ఉందా చూడండి. లేకపోతే వేలు రోజంతా బల్ల మీద రాసుకుంటూనే ఉంటుంది.

తెచ్చుకున్నాక మొదటి రెండు రోజులు చిరాకే. కీబోర్డు మీంచి చెయ్యి తీసి మౌస్ అందుకోబోతే తగిలి పడిపోతుంది, ఎందుకంటే ఇది ఎత్తుగా ఉంటుంది. జీఎస్టీ రిటర్నుల వారంలో మాత్రం మొదలుపెట్టకండి. పాత మౌస్ కూడా పక్కనే ఉంచుకుని పూటకో గంట చొప్పున పెంచుకోండి. విండోస్ 11లో సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో మౌస్ తెరిచి పాయింటర్ స్పీడ్ కాస్త పెంచండి. వర్టికల్ మౌస్‌ను మణికట్టుతో కాదు, మోచేతి దగ్గర్నుంచి కదపాలి. స్పీడ్ తక్కువైతే తెర ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లడానికి చెయ్యంతా తోయాల్సి వచ్చి, భుజం పట్టేస్తుంది.

ఇంకొకటి, మీరు అడగనిది. మీ కీబోర్డుకు కుడిపక్కన అంకెల గడులుంటాయి కదా, అకౌంట్స్ వాళ్లకు అవి తప్పవు. వాటివల్ల మౌస్ ఇంకో బెత్తెడు దూరం పోతుంది. ఏ మౌస్ కొన్నా ఆ దూరం తగ్గదు. కానీ టాలీ పుట్టిందే కీబోర్డు కోసం. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. టాలీప్రైమ్‌లో ఆల్ట్+జి కొడితే ఏ రిపోర్టుకైనా వెళ్లిపోవచ్చు. ఎక్సెల్‌లో కంట్రోల్+పేజ్‌డౌన్ పక్క షీట్‌కు తీసుకెళ్తుంది, కంట్రోల్+షిఫ్ట్+ఎల్ ఫిల్టర్ పెడుతుంది. ఇవి వేళ్లకు పడితే మౌస్ జోలికి వెళ్లే పనే సగానికి సగం తగ్గుతుంది. పైగా ఉచితం. కుర్చీ ఎత్తు కూడా చూసుకోండి, మోచెయ్యి బల్ల ఎత్తుకు రావాలి. బల్ల కన్నా కిందికి కూర్చుని భుజం పైకెత్తి పనిచేస్తే ఏ మౌసూ కాపాడలేదు.

ప్రశ్న: రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ పోర్టులు బ్లాక్ చేశారు. సొంత వర్టికల్ మౌస్ పెట్టుకోవచ్చా?

చాలాచోట్ల బ్లాక్ చేసేది పెన్‌డ్రైవులు, హార్డ్‌డిస్కులనే. మౌస్, కీబోర్డు లాంటివి సాధారణంగా పనిచేస్తాయి. కొన్ని కంపెనీలు మాత్రం తమ జాబితాలో ఉన్న మోడళ్లనే ఒప్పుకుంటాయి. కాబట్టి కొన్నాక కాదు, కొనకముందే ఐటీ హెల్ప్‌డెస్క్‌కు టికెట్ పెట్టండి. అదే టికెట్‌లో 'మణికట్టు నొప్పి, ఎర్గోనామిక్ మౌస్ ఇప్పించగలరా' అని కూడా రాయండి. అడిగితే కంపెనీయే ఇచ్చే చోట్లున్నాయి, అడగనివాళ్లే ఎక్కువ. బటన్లు మార్చుకునే సాఫ్ట్‌వేర్ వేయడానికి అడ్మిన్ హక్కులు ఇవ్వరు కాబట్టి, స్పీడ్ మార్చే బటన్ మౌస్ మీదే ఉన్న మోడల్ చూసుకోండి.

ప్రశ్న: మాది ఎడమచేతి వాటం. ఎంవీపీ కాలనీ దగ్గర షాపులన్నీ తిరిగాను, ఎక్కడా దొరకలేదు.

దొరకదు. మామూలు మౌస్ ఎవరైనా ఏ చేత్తోనైనా వాడొచ్చు. వర్టికల్ మౌస్ అలా కాదు, కుడిచేతిది ఎడమచేతికి పట్టదు. లిఫ్ట్‌లో ఎడమచేతి మోడల్ ఉంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పెట్టె మీద ఎడమ అని స్పష్టంగా ఉందో లేదో చూశాకే సీలు తీయండి.

ప్రశ్న: భీమిలిలో ఉంటాం. ఏడాదిన్నర కిందట కొన్న వర్టికల్ మౌస్ పైన రబ్బరు జిగురులా అంటుకుంటోంది. పారేయాలా?

వద్దు. నాదీ ఇలాగే అయింది. వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి బల్ల మీద మౌస్ పనసపండు పాలు పూసినట్టు తయారైంది. మెత్తగా ఉండటానికి పూసే ఆ పొర ఒక రకం పాలియురెథేన్. గాల్లో తేమ తగిలితే మెల్లగా విడిపోతుంది, మన సముద్రపు ఊళ్లో తేమకు కొదవా? బ్యాటరీ తీసేయండి. మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు తడిపి, మౌస్ మీద పోయకుండా, ఆ పొర మొత్తం ఊడేదాకా రుద్దండి. ఓపిక కావాలి, నాకు అరగంట పట్టింది. గోళ్ల రంగు తీసేది మాత్రం వాడకండి. అందులో ఎసిటోన్ ఉంటే పొరతోపాటు కింద ప్లాస్టిక్కూ కరుగుతుంది. ఊడాక కింద నున్నటి ప్లాస్టిక్ బయటపడుతుంది. చూడ్డానికి కాస్త బోడిగా ఉంటుంది కానీ చెమట చేతికి అదే నయం. ఈసారి కొనేటప్పుడు రబ్బరు పూత లేనిది ఎంచుకోండి.