కంచం వేరు చేశాం, కిటికీ మూశాం
పాఠకుల ఆరోగ్య సందేహాలు – వైద్యుని సమాధానాలు

ప్రశ్న: మా మామగారికి నెల రోజులుగా దగ్గు తగ్గకపోవడంతో కళ్లె పరీక్ష చేయించాం. ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. మందులు మొదలుపెట్టి వారం దాటింది. ఆయనకు కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేశాం. చలిగాలి తగలకూడదని గది కిటికీలు మూసి ఉంచుతున్నాం. మా ఆడపడుచు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో ఆయనను ఉంచవద్దని, నయమయ్యేవరకు ఆసుపత్రిలోనే చేర్చమని పట్టుబడుతోంది. మా బాబుకు మూడేళ్లు. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, కంచం వేరు చేసినందువల్ల మీ ఇంట్లో ఎవరికీ ఒరిగేదేమీ లేదు, కిటికీ మూసినందువల్ల మాత్రం కీడు ఉంది. ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా సోకే వ్యాధి. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా నోటి నుంచి తుంపరలు వెలువడతాయి. వాటిలో పెద్దవి నేల రాలిపోతాయి. సన్నని తుంపరలు తడి ఆరిపోయి, మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి ఐదు వెయ్యో వంతుల పరిమాణానికి కుదించుకుపోయి, లోపలి క్రిమితో సహా గాలి కదలని గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. అవి మరొకరి ఊపిరితిత్తుల లోతుకు చేరినప్పుడే వ్యాధి సోకుతుంది. గిన్నెల మీద, బట్టల మీద పడిన క్రిమి తిరిగి అంత సన్నని రేణువుగా గాలిలోకి లేవదు కనుక, మామూలుగా తోమిన కంచం, ఉతికిన దుప్పటి ఎవరు వాడుకున్నా భయం లేదు. పైగా కంచం వేరు చేయడం వల్ల పెద్దాయన మనసు చిన్నబోతుంది, అలా చిన్నబోయినవారు మందులు మధ్యలో మానేయడం నేను తరచుగా చూస్తుంటాను.

కాబట్టి ముందు ఆ కిటికీలు తెరవండి. ఎదురెదురుగా రెండు ఉంటే రెండూ తెరవండి. పెరూ రాజధాని లీమాలో ఎనిమిది ఆసుపత్రుల గదులను కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కిటికీలు, తలుపులు తెరిచిన గదిలో గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. ఇటువంటి గదులకు యంత్రాలతో కల్పించమని సిఫారసు చేసేది 12 సార్లే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాలు కొత్తవాటికంటే ఎంతో మెరుగని కూడా అందులో తేలింది. పాత ఇళ్లను పడగొట్టి ఏసీ గదులు కట్టుకుంటున్నవారు ఒక్కసారి ఆలోచించవలసిన సంగతి ఇది. చలి వేస్తే మామగారికి మరొక దుప్పటి కప్పండి, కిటికీ మాత్రం మూయకండి. పగలు ఆయనను వసారాలో కూర్చోబెడితే మరీ మంచిది.

మీ ఆడపడుచు భయం సహజమే గాని, దానికి జవాబు మద్రాసులో ఎప్పుడో దొరికింది. 1956లో అక్కడ మొదలైన ప్రయోగంలో, ఇరుకు ఇళ్లలో ఉండే పేద రోగులలో కొందరిని శానిటోరియం అనే క్షయ ఆసుపత్రిలోనూ కొందరిని ఇంటివద్దనే ఉంచి, అందరికీ ఒకే మందులు ఇచ్చి, వారి కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. ఇంటి దగ్గర వైద్యం పొందినవారి కుటుంబాలకు అదనంగా ముప్పేమీ కలగలేదు. సరైన మందు పడిన తరువాత రోగి నుంచి వ్యాధి సోకే అవకాశం కొద్ది వారాలలోనే బాగా తగ్గిపోతుంది. అసలు ప్రమాదమంతా జబ్బు ఏమిటో తెలియక మామూలు దగ్గు మందు తాగుతూ గడిపిన రోజులలోనే ఉంటుంది.

ఆ రోజులు మీ ఇంట్లోనూ గడిచాయి కనుక మీ బాబుకు, ఇంట్లోని మిగతావారికి వెంటనే పరీక్ష చేయించాలి. బీసీజీ టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు. అది పసిపిల్లలను మెదడుకు పాకే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి కాపాడుతుందే తప్ప వ్యాధినంతటినీ అడ్డుకోలేదు. జబ్బు లేదని తేలితే, అది రాకుండా నివారణ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఇంకొన్ని వారాలు మామగారు మాస్కు పెట్టుకోవాలి, బాబు పక్కన పడుకోకూడదు, కళ్లె మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మాలి. దగ్గు రెండో నెలలో ఆగిపోయినా మందులు ఆరు నెలలూ మింగవలసిందే. క్షయ రోగులను ప్రభుత్వం నమోదు చేసే నిక్షయ్ పద్ధతిలో ఇచ్చే సంఖ్య దేశమంతటికీ ఒక్కటే కనుక, ఈలోగా ఆయన శ్రీకాకుళంలోని బంధువుల ఇంటికి వెళ్లినా అక్కడి కేంద్రంలో ఆ సంఖ్య చెబితే మందులు ఆగవు. పోషణ కోసం నెలకు ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1000కి పెరిగింది. ఆ డబ్బు గుడ్లు, పప్పుల రూపంలో ఆయన కంచంలోకే వెళ్లేలా చూడండి.

ప్రశ్న: మా అమ్మగారికి ఒక పెద్దాసుపత్రిలో కడుపు ఆపరేషన్ జరిగింది. అయిదో రోజున కుట్ల దగ్గర చీము పట్టింది. అక్కడి సిబ్బంది ఒకే జత గ్లవుజులతో ఇద్దరు ముగ్గురు రోగులకు కట్టు మార్చడం కళ్లారా చూశాను. అడిగితే కసురుకుంటారని ఊరుకున్నాను. నయం కావడానికి వెళ్లినచోట కొత్త జబ్బు రావడం ఏమిటి?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మీరు చూసింది తప్పే. గ్లవుజు తొడుక్కున్నవారి చేతిని కాపాడుతుంది గాని, మార్చకపోతే ఒక గాయంలోని క్రిమిని మరొక గాయానికి చేరవేయడంలో వట్టి చేతికి ఏమీ తీసిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో ధనిక దేశాలలో ఏడుగురికి, మనవంటి దేశాలలో పదిహేనుమందికి అక్కడే కొత్తగా ఏదో ఒక ఇన్ఫెక్షన్ సోకుతోంది.

ఈ విషయం వైద్యులకు కొత్తది కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు, శవపరీక్షల గది నుంచి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యుల చేతులను క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో కడిగించాడు. ఏప్రిల్‌లో వందకు 18 దాకా ఉన్న బాలింతల మరణాలు జూన్ నాటికి రెండుకు పడిపోయాయి. అప్పటికి క్రిములంటే ఏమిటో ఎవరికీ సరిగా తెలియదు. తెలిసిన ఈ కాలంలోనూ చేతులు కడగమని చెప్పవలసి రావడం మా వృత్తికి గౌరవం కాదు.

అయితే సిబ్బందిని ఒక్కరినే తప్పుపట్టలేం. మన వార్డులలో ఒక్క రోగి చుట్టూ అరడజనుమంది బంధువులు చేరి, మంచం మీదే కూర్చుని, బస్సులో తెచ్చిన సంచులు పరుపు మీదే పెట్టి, పక్క రోగి సెలైన్ సీసాను కూడా సర్దిపెడుతుంటారు. అది వారి మంచితనమే గాని, ఒక మంచం దగ్గరి క్రిమి మరో మంచానికి చేరేది ఆ చేతులతోనే. ఇకమీదట రోగి దగ్గర ఒక్కరే ఉండండి. రోగిని తాకడానికి ముందు, తాకిన తరువాత సబ్బుతో అయితే నలభై నుంచి అరవై సెకన్లు, చేతికి రాసుకునే మందుతో అయితే ఇరవై నుంచి ముప్పై సెకన్లు చేతులు శుభ్రం చేసుకోండి. విరేచనాల రోగికి సేవ చేస్తున్నట్లయితే ఆ మందు చాలదు, సబ్బూ నీళ్లే వాడాలి.

మూత్రపు గొట్టం ఉంటే, ఇది ఈ రోజు కూడా అవసరమేనా అని ప్రతి ఉదయం డాక్టరుగారిని అడగండి. అది ఎన్ని రోజులు ఉంటే ఇన్ఫెక్షన్ ముప్పు అంత పెరుగుతుంది. గ్లవుజుల సంగతి కూడా అడగవచ్చు. "అమ్మా, కొత్త జత వేసుకుంటారా?" అని నెమ్మదిగా అంటే చాలామంది కసురుకోరు. కసురుకున్నా సరే, మీ అమ్మగారి కుట్లు అంతకంటే ముఖ్యం. చీము గురించి మాత్రం ఆపరేషన్ చేసిన వైద్యునికి వెంటనే చూపించండి. చీమును పరీక్షకు పంపకుండా యాంటీబయాటిక్ మార్చుకుంటూ పోవడం మంచిది కాదు.

ప్రశ్న: మా పాపకు అమ్మవారు పోసింది. ఎన్ని రోజులు బడి మాన్పించాలి?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేవరకు. వేపాకు కట్టి, రాకపోకలు ఆపే మన ఆచారం మంచిదే గాని, చికెన్‌పాక్స్ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే సోకుతుంది కనుక, ఇంట్లోని మిగతా పిల్లలను మూడు వారాలు గమనిస్తూ ఉండండి. ఇంతకుముందు అమ్మవారు పోయని గర్భిణి ఇంట్లో ఉంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి. పాపకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు.

ప్రశ్న: మా ఊరి వైద్యుడు జ్వరానికైనా ఒళ్లునొప్పులకైనా సూదే వేస్తాడు. సిరంజి పాతదే, సూది మాత్రం కొత్తది పెడతానంటాడు. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: ముమ్మాటికీ ఫరవా ఉంది. సూది మార్చినా, కంటికి కనిపించనంత రక్తం సిరంజి గొట్టంలోకి వెనక్కి వస్తుంది. ఆ సిరంజితోనే మందు సీసాలోంచి మళ్లీ తీస్తే ఆ సీసా మొత్తం కలుషితమైనట్లే. హెపటైటిస్ బి అనే కామెర్ల వ్యాధి ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోనివారిలో వందకు ముప్పైమంది దాకా ఆ వ్యాధి సోకవచ్చు. హెచ్ఐవి అయితే వెయ్యికి ముగ్గురికి. అందరూ భయపడేది రెండోదానికే. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో ఏడు రోజులైనా బతికి ఉంటుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసా పట్టణంలో వాడిన సిరంజిలే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్ బి విజృంభించి ఎందరో చనిపోయారు.

ఆయనతో తగవు పెట్టుకోనక్కరలేదు. "మాత్ర ఇవ్వండి చాలు" అనండి. మామూలు జ్వరానికి సూది అవసరం లేనేలేదు. తప్పదంటే సీలు ఉన్న సిరంజి మీరే కొని తీసుకెళ్లి, మీ ఎదుటే విప్పించండి. ఇన్నాళ్లూ అక్కడ సూదులు వేయించుకున్న మీ ఇంటివారందరూ హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒకసారి చేయించుకోండి. బి లేదని తేలినవారికి టీకా మూడు మోతాదులు: మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.