ప్లేస్టేషన్ కొనమంటున్నాడు, కొనాలా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మాకు తోతాపురి తోట ఉంది. మావాడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. ప్లేస్టేషన్ 5 కొనివ్వమంటాడు. పెద్దయ్యాక అట్లాంటి వాటికి గేములు తయారుచేసే పనే చేస్తానంటాడు. ఆటలన్నీ ఫోన్లోనే ఉంటే ఈ డబ్బా ఇంకెన్నాళ్ళుంటాది సార్? రేపు లేకుండా పోయేదాని కోసం బిడ్డను చదివించాలా?

జవాబు: ముందు డబ్బా సంగతి, అంటే ఆటలాడే కన్సోల్ సంగతి చూద్దామండీ. ఫోన్లు వచ్చాయి, కన్సోల్ పని అయిపోయిందని చాలా ఏళ్ళుగా అంటున్నారు. అందులో కొంత నిజముంది. ఫోన్ దెబ్బ తగిలింది జేబులో పెట్టుకుని ఆడే చిన్న కన్సోళ్ళకు. నింటెండో డీఎస్ 15 కోట్లకు పైగా అమ్ముడైతే, దాని తర్వాత 2011లో వచ్చిన 3డీఎస్ అందులో సగం దగ్గరే ఆగిపోయింది. అదే ఏడాది చివర్లో వచ్చిన సోనీ వీటా ఆ మాత్రం కూడా నిలదొక్కుకోలేదు. టీవీకి తగిలించే పెద్ద డబ్బాకు మాత్రం ఆ గతి పట్టలేదు. 2020 చివర్లో వచ్చిన ప్లేస్టేషన్ 5 అమ్మకాలు 8 కోట్లు దాటాయి. చేతిలోనూ టీవీ మీదా ఆడుకోగలిగే నింటెండో స్విచ్ 2017లో వచ్చి 15 కోట్లు దాటింది.

ఎందుకు పోలేదంటే, ఒక కారణం వేడి. పెద్ద ఆట నడుస్తున్నప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్ల కరెంటు తింటుంది. ఆ వేడిని బయటికి తోయడానికి లోపల పెద్ద ఫ్యాను ఉంటుంది. ఫ్యాను లేని సన్నటి ఫోను కొన్ని వాట్లకు మించి ఎక్కువసేపు తట్టుకోలేదు. మే నెలలో తిరుపతిలో అరగంట బీజీఎంఐ అనే ఫోన్ ఆట ఆడిన పిల్లాడిని ఎవరినైనా అడగండి. ఫోను కాలిపోతుంది, వెలుతురు తగ్గుతుంది, ఆట నత్తనడక నడుస్తుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది మరి. జీటీఏ 6 అనే భారీ ఆటకు ఇప్పటిదాకా ప్రకటించినవి పీఎస్5, మైక్రోసాఫ్ట్‌వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ళే. అందులో ఫోను ఊసే లేదు.

మన దేశం లెక్క వేరు. ఇక్కడ కన్సోల్ పోవడానికి అసలు ఎప్పుడూ పూర్తిగా వచ్చింది లేదు. స్విచ్‌ను నింటెండో ఇక్కడ అధికారికంగా అమ్మలేదు. ప్లేస్టేషన్ 5 కూడా మిగతా దేశాలకన్నా ఆలస్యంగా, 2021 ఫిబ్రవరిలో వచ్చింది, అదీ సుమారు 50 వేల ధరతో. కొత్త ఆట ఒక్కోటి నాలుగైదు వేలు. మనవాళ్ళకు ఆటంటే ఫోనే. కాబట్టి మీ అనుమానం మన ఊరి వరకూ సబబే.

కానీ పని దొరికేది మన ఊరి అమ్మకాలను బట్టి కాదు. పుణేలోని నాడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం ‘రాజీ’ అనే ఆట తయారుచేసి 2020లో ముందుగా స్విచ్ మీద విడుదల చేసింది. ఇక్కడ అధికారికంగా దొరకని డబ్బా కోసం ఇక్కడ కూర్చునే చేశారు! బెంగళూరులో రాక్‌స్టార్, పుణే, ముంబైలలో యూబీసాఫ్ట్, హైదరాబాద్‌లో ఈఏ ఆఫీసులు ఉన్నాయి. చిత్తూరు నుంచి బెంగళూరు ఎంత, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగుతారు.

ఇంకో సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి. ప్లేస్టేషన్ 5లో, కొత్త ఎక్స్‌బాక్స్‌లో ఉన్నవి పీసీల్లో వాడే కుటుంబానికి చెందిన ఏఎండీ కంపెనీ చిప్‌లు. స్విచ్‌లో ఉన్నది ఫోన్ల చిప్‌లకు దగ్గరి చుట్టం. యూనిటీ, అన్‌రియల్ లాంటి గేమ్ ఇంజిన్లలో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, ఒకసారి చేసిన ఆటను కొన్ని మార్పులతో ఫోనుకూ, పీసీకీ, కన్సోల్‌కూ తీసుకెళ్ళవచ్చు. డబ్బా ఉన్నా పోయినా ఆ విద్య చేతిలోనే ఉంటుంది. అందుకని ‘కన్సోల్ గేమ్ డెవలపర్’ అవుతానని పట్టుబట్టకుండా, గేమ్ ప్రోగ్రామర్ అవుతానని అనుకోమనండి.

నిలకడ సంగతి దాచను. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, ఫిబ్రవరిలో సోనీ ప్లేస్టేషన్ విభాగంలో సుమారు 900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. తోతాపురి ధర ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదని మీకు నేను చెప్పాలా? ఇదీ అంతే. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల కంపెనీలను మాత్రం దీంతో కలపకండి. వాటిని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది.

అందుకే నా సలహా మామూలు బీటెక్ కంప్యూటర్ సైన్సే. ఈఏపీసెట్ బాగా రాసి ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీలాంటి చోట చేరితే, గేమింగ్ కుదరకపోయినా వేరే సాఫ్ట్‌వేర్ పనికి తలుపులు మూసుకోవు. ఆర్నెల్లలో గేమ్ డిజైనర్ని చేస్తామని లక్షలు అడిగే ఇన్‌స్టిట్యూట్ల జోలికి పోకండి. మీవాడికి బొమ్మలు గీయడంలో చెయ్యి తిరిగి ఉంటే అది వేరే దారి. యూసీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో బీ.డెస్ అనే డిజైన్ డిగ్రీ చేయవచ్చు, తర్వాత ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్ మీద పీజీ ఉంది.

ఇప్పుడు లెక్కల పుస్తకంలో విసుక్కుంటూ చేస్తున్న సదిశలు, మాత్రికలే రేపు ఆటలో బంతి ఎటు ఎగరాలో, కెమెరా ఎటు తిరగాలో తేలుస్తాయి. ఈ మాట మీరు చెప్పేకన్నా వాళ్ళ లెక్కల మేష్టారితో చెప్పిస్తే వింటాడేమో.

ఇక ప్లేస్టేషన్. ఇప్పుడు వద్దు. హాస్టల్లో ఎటూ పెట్టుకోనివ్వరు, పైగా దాని మీద ఆడటమే తప్ప ఆటలు తయారుచేయడం కుదరదు. పరీక్షలూ ఈఏపీసెట్టూ అయ్యాక ఆ డబ్బుకు ఇంకొంత కలిపి కంప్యూటర్ కొనివ్వండి. యూనిటీ, అన్‌రియల్, 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి రూపాయి కట్టక్కర్లేదు. బీటెక్ మొదలయ్యేలోపు ఒక్క చిన్న ఆట, పది నిమిషాలదైనా సరే, మొదటి నుంచి చివరిదాకా పూర్తిచేయమనండి. సగంలో వదిలేసిన పది ఆటలకన్నా స్టూడియోవాళ్ళు దానికే విలువిస్తారు. కొనేటప్పుడు విడిగా గ్రాఫిక్స్ కార్డు, కనీసం 16 జీబీ ర్యామ్ ఉన్నాయా అని అడగండి. షాపువాడు మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ చూపించి ఇదీ అదే అంటే ఒప్పుకోకండి, అన్‌రియల్ దాని మీద సరిగా నడవదు.