ఓవర్‌క్లాక్ చేస్తే చవక మదర్‌బోర్డు పాడైపోతుందా?

మీ దగ్గర ఏఎండీ బీ450 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపి నడిపే చిప్పు) ఉన్న చవక మదర్‌బోర్డు, రైజెన్ 5 1600 ప్రాసెసర్ ఉన్నాయని, ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా పరుగెత్తిస్తే, ప్రాసెసర్ కాలిపోతుందేమోనని భయంగా ఉందని అడిగారు. ప్రాసెసర్ గురించి బెంగ అక్కర్లేదు. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడం దానికి తెలుసు. ముందు వేగం తగ్గించుకుంటుంది, మరీ మితిమీరితే కంప్యూటరునే ఆపేస్తుంది. అంత తెలివి లేనిది దాని పక్కనే కూలరు నీడలో నిలబడి కరెంటు మోసే వీఆర్‌ఎం, అంటే బోర్డుకు వచ్చే కరెంటును ప్రాసెసర్‌కు తగిన వోల్టేజీకి దించి అందించే భాగం. చవక బోర్డు తయారుచేసేవారు డబ్బు మిగుల్చుకునేది కూడా సరిగ్గా అక్కడే. ఈ సంగతి నాకు 2009 మే నెలలో, ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, సూర్యాపేటలోని మా మేనమామ ఫొటో స్టూడియోలో తెలిసివచ్చింది.

అంతకు ముందు సంవత్సరం ఆ స్టూడియోకు కంప్యూటరు కొనడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరుకు నేనే వెళ్ళాను. మామయ్య ఇచ్చిన డబ్బులో కెమెరా నుంచి వీడియో ఎక్కించుకునే కార్డుకే పెద్ద భాగం పోగా, మిగిలినదానికి జీ31 చిప్‌సెట్ బోర్డు, ఇంటెల్ పెంటియం ఈ2160 ప్రాసెసర్ వచ్చాయి. ఈ2160 అసలు వేగం 1.8 గిగాహెర్ట్జ్. బోర్డు అందించే 200 మెగాహెర్ట్జ్‌ను ప్రాసెసర్ లోపలి గుణకం 9తో హెచ్చిస్తే వచ్చేది అదే. గుణకాన్ని పెంచడానికి వీల్లేదు గాని, బోర్డులో 200ను 333 చేయడానికి అడ్డేమీ లేదు. అలా చేస్తే 3.0 గిగాహెర్ట్జ్ అవుతుంది. 2007లో 266 డాలర్ల ధరతో విడుదలైన కోర్ 2 డ్యుయో ఈ6850 వేగం కూడా సరిగ్గా అంతే. దాని కాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) నాలుగింతలు పెద్దదన్న మాట నిజమే కాని, పెళ్ళి వీడియోను డీవీడీగా మార్చే పనిలో నాకు ఆ తేడా పెద్దగా కనిపించలేదు.

మొదటిసారి 333 పెట్టినప్పుడు తెర నల్లగానే ఉండిపోయింది. రామ్ నిష్పత్తిని, అంటే బోర్డు వేగానికి రామ్ ఎన్ని రెట్లు పరుగెత్తాలో చెప్పే అంకెను, 4 దగ్గరే వదిలేయడం వల్ల 800 మెగాహెర్ట్జ్ రామ్‌ను 1333 దగ్గర పరుగెత్తమన్నట్టయిందని, బోర్డు మీది సీమాస్ జంపరు మార్చి బయాస్‌ను (ఈ అంకెలన్నీ దాచుకునే బోర్డు సెట్టింగులను) మొదటికి తెచ్చిన తర్వాత గాని నాకు తట్టలేదు. నిష్పత్తిని 2కు దించి, కార్డులు గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేగం కూడా పెరిగిపోకుండా 100 దగ్గర బిగించి, ప్రాసెసర్ వోల్టేజీని 1.25 నుంచి 1.40కి పెంచాక విండోస్ తెరుచుకుంది. అంతకు ముందు అయిదు గంటలు పట్టే డీవీడీ మూడు గంటలు దాటగానే పూర్తవుతుంటే మామయ్య నన్ను ఇంజనీరని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు ఆర్నెల్లు నిలిచింది.

ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి చూసే ప్రైమ్95 పరీక్షలో అది 75 డిగ్రీలకు చేరుతోందని, డిసెంబరులో నేను నా సొంత డబ్బుతో ఒక టవర్ కూలరు కొని బిగించాను. వేడి 58కి దిగింది. ఆ అంకె చూసి మురిసిపోవడంలో ఒక చిన్న విషయం నా బుర్రకు ఎక్కలేదు. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే మామూలు కూలరు గాలిని కిందికి ఊదుతుంది కాబట్టి చుట్టూ ఉన్న వీఆర్‌ఎం భాగాలకు, అంటే కరెంటును నియంత్రించే స్విచ్చుల్లాంటి మాస్‌ఫెట్లకు, దాని ఒడిదుడుకులను సర్దే కెపాసిటర్లకు కూడా ఆ గాలి అందుతుంది. టవర్ కూలరు గాలిని పక్కకు తోసేస్తుంది. నా బోర్డులో మాస్‌ఫెట్ల మీద వేడి లాగే అల్యూమినియం ముక్క కూడా లేదు. వోల్టేజీ, వేగం రెండూ పెంచడంతో ప్రాసెసర్ లాగే కరెంటు లెక్కప్రకారం 1.87 రెట్లయింది. మాస్‌ఫెట్ల నిరోధంలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక అది మూడున్నర రెట్లకు చేరింది. అంటే మూడున్నర రెట్లు వేడెక్కుతున్న భాగానికి, ఉన్న ఆ కాస్త గాలినీ నేనే తీసేశాను. చలికాలం కాబట్టి బోర్డు ఓర్చుకుంది.

మే నెలలో సూర్యాపేట ఎండ ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటికి, రేకుల కప్పు కింద, రెండు పెళ్ళిళ్ళ వీడియోలు వరుసలో ఉండగా తెర కదలకుండా నిలిచిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే పది నిమిషాలు, ఆ తర్వాత అయిదు, ఆపైన అసలు లేవలేదు. అందరూ చేసేదే నేనూ చేశాను. రామ్ పీకి, రబ్బరుతో దాని కాళ్ళు రుద్ది మళ్ళీ పెట్టాను. మామయ్య తలుపు దగ్గర నిలబడి, "మంచిగున్న డబ్బాను ఏం జేసినవురా? రేపు పొద్దుగాల పెండ్లోళ్ళు డీవీడీలకు ఒస్తరు," అన్నాడు. "నేనేం చేయలేదు మామా, రామ్ లూజైనట్టుంది," అని సిగ్గు లేకుండా అబద్ధమాడాను. టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ పక్కన వరుసగా ఉన్న కెపాసిటర్లలో అయిదింటి తలలు పొంగిన పూరీల్లా ఉబ్బి ఉన్నాయి, ఒకదాని నెత్తి మీద గోధుమ రంగు పొక్కు కట్టింది. పక్కనున్న మాస్‌ఫెట్ మీద వేలు పెట్టి వెంటనే తీసేశాను. ఆ వేలి చివర బొబ్బ వారం రోజులు మానలేదు.

మర్నాడు తెల్లవారుజామున బోర్డును న్యూస్‌పేపరులో చుట్టుకొని హైదరాబాద్ బస్సెక్కి, కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు అమ్మే ఒక చిన్న దుకాణానికి వెళ్ళాను. 6.3 వోల్టులవి, 1500 మైక్రోఫారడ్‌లవి అయిదు కావాలంటే, కౌంటరు వెనక పెద్దాయన బోర్డును వెలుతురుకు పట్టి చూసి, "85 డిగ్రీలవా, 105వా?" అని అడిగాడు. రెండింటికీ తేడా ఒక్కోదానికి రూపాయో రెండో. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఎంత చల్లగా ఉంటే అంత కాలం బతుకుతుందని, సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు రెండింతలవుతుందని ఆ కౌంటరు దగ్గరే మొదటిసారి విన్నాను. బీటెక్‌లో కెపాసిటరు సూత్రాలన్నీ కంఠతా పట్టిన నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. 105వి తీసుకుని, పక్క గల్లీలో టంకం వేయించి, సాయంత్రానికి తిరిగివచ్చి పాత కూలరే బిగించాను. కేబినెట్ గోడకు బైండింగు వైరుతో ఒక 80 మిల్లీమీటర్ల ఫ్యాను కట్టి, దాని గాలి నేరుగా మాస్‌ఫెట్ల మీద పడేలా చూసుకున్నాను. వేగాన్ని 300 తొమ్మిదుల 2.7 దగ్గర ఆపి, వోల్టేజీని మునుపటి 1.25కే దించాను. పెళ్ళివాళ్ళకు డీవీడీలు రెండు రోజులు ఆలస్యంగా అందాయి. ఆ బోర్డు మాత్రం ఇంకో ఆరేళ్ళు నడిచింది.

ఇప్పుడు జరుగుతున్న తంతు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఓవర్‌క్లాకింగ్ అసలు పుట్టిందే డబ్బు లేనివాడి కోసం. 2011లో శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లు వచ్చాక ఇంటెల్ నేను వాడిన పాత దారిని దాదాపు మూసేసి, గుణకాన్ని పెంచే వీలును పేరులో కే అక్షరం ఉన్న ప్రాసెసర్లకే వదిలిపెట్టి, దానికి తగ్గ ఖరీదైన చిప్‌సెట్ కూడా కొనేలా చేసింది. అలా బోర్డు మీద అదనంగా పెట్టే డబ్బుతో నేరుగా ఇంకా మంచి ప్రాసెసరే కొనుక్కోవచ్చు. ఏఎండీ ఈ విషయంలో నయం. ఏ320 చిప్‌సెట్‌లో తలుపు మూసినా బీ350, బీ450లలో తెరిచే ఉంచింది. కాని ఆ బోర్డులు అమ్మేవాళ్ళు రంగు లైట్ల గురించి పేజీలకు పేజీలు రాసి, వీఆర్‌ఎంలో ఎన్ని ఫేజులు (కరెంటు భారాన్ని పంచుకునే దారులు) ఉన్నాయో ఒక్క వాక్యంలో కూడా చెప్పరు. వీడియోలు చేసేవాళ్ళు ఏసీ గదిలో కూర్చుని పరీక్షించి "భేష్" అంటారు. ఆ బోర్డును ఖమ్మంలోనో రెంటచింతలలోనో ఏప్రిల్ మధ్యాహ్నం నడిపి చూపించమనండి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే, 450 వాట్లని రాసి ఉండి చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిను డబ్బాలా తేలిపోయే ఎస్‌ఎంపీఎస్‌ల (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టెల) గురించి ఎత్తుకుంటే ఈ జవాబు ఇప్పట్లో పూర్తికాదు. మీది అలాంటిదే అయితే మాత్రం ముందు దాన్ని మార్చండి.

ఇక మీ విషయం. ఇప్పటి బోర్డుల మీద ఎక్కువగా లోపల ద్రవం లేని సాలిడ్ కెపాసిటర్లే ఉంటాయి కాబట్టి తలలు ఉబ్బే ముప్పు తక్కువ. మాస్‌ఫెట్ల వేడి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. రైజెన్ 5 1600తో వచ్చిన రెయిత్ స్పైర్ కూలరు గాలిని బోర్డు మీదికే ఊదుతుంది, దాన్ని తీసి టవర్ పెట్టాలన్న ఉబలాటం ఉంటే వీఆర్‌ఎంకు విడిగా ఒక ఫ్యాను ఏర్పాటు చేసుకున్నాకే పెట్టండి. ఆ ప్రాసెసర్ తనంతట తాను 3.6 దాకా వెళ్తుంది. మీరు వోల్టేజీని 1.3 దాటనీయకుండా ఆరు కోర్లనూ 3.7 దగ్గర నిలపగలిగితే చాలు, పైన ఇంకో వంద మెగాహెర్ట్జ్ కోసం పాకులాడవద్దు. పరీక్ష రాత్రిపూట కాకుండా పట్టపగలు, ఏసీ ఆపి, గంటసేపు పెట్టండి. దానికంటే ముందు కేబినెట్ పక్క తలుపు తీసి, ప్రాసెసర్‌కు ఎడమవైపున్న మాస్‌ఫెట్ల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి. లేకపోతే 3.6 దగ్గరే ఆగమంటాను.